‘ఆదమ్’ చలనచిత్రము – వాత్సల్య విచారము

కావ్యవిమర్శమున మాతృత్వప్రసక్తి వచ్చినంతనే విమర్శకుని లేఖిని తడబాటు లేక సాగిపోవుట మనమెరిగినదే. మాతృహృదయము, త్యాగమూర్తి, కన్నపేగు మున్నగు మాటలు పిలువకయే వచ్చి వరుసదీరి నిలుచును. ఈ మాటలు అసత్యములని మేమనము. కాని వీనివలన ఒక హాని కలదు. ప్రశ్న పుట్టకమునుపే సమాధానము సిద్ధమగును. కన్నతల్లికి బిడ్డపై మమకారము ప్రకృతిసిద్ధమని ముందే నిశ్చయించుకొన్నవానికి, బిడ్డను కన్నెత్తి చూడనొల్లని తల్లి కథయందు కనబడినప్పుడు రెండు దారులే మిగులును. ఆమెను కఠినురాలనవలెను, లేదా తుదకు మారిన మనిషిగా ప్రశంసింపవలెను. ఈ రెండును గాక మూడవ దారి గలదా యను ప్రశ్నను ‘ఆదమ్’ అను మొరాకో చలనచిత్రము మనముందుంచుచున్నది. దానిని పరిశీలించుటయే ఈ వ్యాసమునకు ప్రయోజనము.

తెలుగుశాఖ పత్రికలో అరబ్బీ మాటల చలనచిత్రమునకు తావేమని కొందరు శంకింపవచ్చును. దృశ్యకావ్యమును గూర్చి మన ఆలంకారికులు చేసిన విచారము ఏ యొక్క భాషకును కట్టుబడినది కాదు. విభావానుభావములచే స్థాయి వ్యక్తమగుననుట నాట్యమునకు చెల్లినట్లే తెరపై నాడు బొమ్మకును చెల్లును. అంతేకాక, లక్షణము బలమైనదో కాదో పరిచితమైన లక్ష్యముకంటె అపరిచితమైన లక్ష్యముననే చక్కగా తేలును. విశ్వనాథుడు చెప్పిన వత్సలరసలక్షణమును ఈ చిత్రమున కన్వయించి చూడగా లక్షణమును గూర్చియు, చిత్రమును గూర్చియు మాకు కొన్ని విషయములు తోచినవి.

చిత్రపరిచయము

‘ఆదమ్’ 2019వ సంవత్సరమున కాన్ చలనచిత్రోత్సవమున ‘అఁ సెర్తఁ రెగార్’ విభాగమున ప్రదర్శితమైనది. దీనికి దర్శకురాలు మర్యమ్ తూజానీ. ఈమె టాంజియర్ నగరమున జన్మించి, పత్రికారచయిత్రిగా పనిచేసి, లఘుచిత్రములు తీసి, పిమ్మట కథాచిత్రములకు వచ్చినది. పూర్తినిడివి చిత్రములలో ఆమెకిదియే మొదటిది. భర్తయైన దర్శకుడు నబీల్ అయూష్ దీనికి నిర్మాత. పెద్ద చిత్రశాలల పెట్టుబడి లేక, మొరాకో, ఫ్రాన్సు, బెల్జియము దేశముల సంస్థల సహకారముతో తయారైన స్వతంత్రచిత్రమిది. ఆ సంవత్సరము ఆస్కారు బహుమానమునకు మొరాకోదేశము తన పక్షమున దీనినే పంపినది. అబ్లా పాత్రను బ్రస్సెల్సున పుట్టిన నటి లుబ్నా అజాబల్, సామియా పాత్రను నిస్రీన్ ఎర్రాది, బాలిక వర్దా పాత్రను దువా బెల్ఖౌదా ధరించిరి.

కథకు మూలమొక నిజమైన ఘటనయని దర్శకురాలే చెప్పియున్నది. టాంజియరునందలి తన తల్లిదండ్రులు, పెండ్లికాక గర్భవతియై తమ గడపకు వచ్చిన యువతి నొకతెను ప్రసవమగువరకు ఇంట నుంచుకొనిరట. ఆ మూలమునకును చిత్రమునకును గల ముఖ్యభేద మొక్కటి గమనింపదగినది. అక్కడ ఆశ్రయమిచ్చినవారు దంపతులు. ఇక్కడ ఆశ్రయమిచ్చునది భర్తను కోల్పోయిన స్త్రీ. ఈ మార్పు వలన కలిగిన ఫలమేమో ముందు తెలియగలదు.

ఇతివృత్తము

కథ కాసాబ్లాంకా నగరపు పాతపేటలో జరుగును. సామియా నిండుగర్భిణి. అవివాహిత. ఏదేని పని యిప్పింపుడని ఇంటింటి తలుపు తట్టుచుండును. అబ్లా విధవ. ఎనిమిదేండ్ల కూతురు వర్దాతో కాపురముండి, ఇంటి క్రిందిభాగమున రొట్టెలు చేసి వీథివైపు కిటికీనుండి అమ్ముకొని బ్రదుకుచుండును. సామియాను ఆమె మొదట పొమ్మనును. రాత్రి ఆ గర్భిణి ఎదుటి వీథిలో నేలపై చేరగిలియుండుట చూచి నిదురపట్టక, లేచి లోనికి పిలుచును. ఆ పిలుపునందు తీయదన మేమియు లేదు. ఒకటి రెండు రాత్రులు మాత్రమేయన్న కట్టుబాటుతో కూడిన పిలుపు అది.

సామియా ఊరక కూర్చుండనొల్లక ‘ర్జీజా’ యను వంటకము చేయును. ముద్దను నూనెచేతితో నూలుపోగువలె సాగదీసి, వ్రేళ్ళకు చుట్టి, చుట్టను అదిమి పెనముపై కాల్చునది. ఆ రొట్టెలకు గిరాకి పెరుగును. గడువు పొడిగింపబడును. ముగ్గురాడువారి నడుమ ఒక పొత్తు కుదురును. పండుగ వచ్చును. సామియా మగబిడ్డను కనును. బిడ్డను ఎవరికైన నిచ్చివేసి, ఏమియు జరుగనట్లు తన యూరు చేరుకొనవలెనని ఆమె సంకల్పము. ప్రసవమునకును అప్పగింతకును నడుమ కొన్ని దినములు గడుపవలసివచ్చును. ఆ దినములే చిత్రమునకు ప్రాణము. తుదకు ఒక వేకువజామున, తల్లీకూతుళ్ళు నిదురించుచుండగా, సామియా బిడ్డ నెత్తుకొని గడపదాటి పోవును. ఎచటికి పోయినదో చిత్రము చెప్పదు.

సంకల్పమునకు వెనుకనున్న భయము

సామియా సంకల్పమును హృదయకాఠిన్యమని భ్రమింపకుండుటకు ఆ దేశపు కట్టుబాట్లు కొంచెము తెలిసియుండవలెను. చిత్రము వెలువడునాటికి మొరాకో శిక్షాస్మృతిలో 490వ నిబంధనము అమలునందుండెను. దానిననుసరించి వివాహబంధము లేని స్త్రీపురుషుల సాంగత్యము నేరము. శిక్ష ఒక నెల మొదలు ఒక సంవత్సరమువరకు కారాగారవాసము. మగవాని నేరమునకు సాక్ష్యము వెదకవలెను గాని, గర్భవతికి ఆమె గర్భమే సాక్ష్యమగును. ఆ దేశమున మన యెరుకలోని దత్తతస్వీకారము చెల్లదు. 2004 నాటి కుటుంబస్మృతి దానిని శూన్యమని ప్రకటించినది. విడువబడిన శిశువులను ‘కఫాలా’ యను పద్ధతిని, అనగా వంశనామమును వారసత్వమును సంక్రమింపజేయని పోషణభారముగా, ఇతరులు స్వీకరింపవచ్చును. 2002 నాటి చట్టము దీనిని క్రమపరచినది.

పౌరనమోదు విషయమున మరియొక విశేషము గలదు. చిత్రము వెలువడుసరికి అమలునందున్న చట్టము ప్రకారము తండ్రి తెలియని శిశువునకు తల్లియే పేరు పెట్టవలెను. తండ్రిపేరు వ్రాయవలసిన చోట ‘అబ్ద్’ అను శబ్దము చేరిన యొక కల్పితనామమును కూడ ఆమెయే యెన్నుకొనవలెను. ‘అబ్ద్’ అనగా దాసుడు. ఈశ్వరనామములతో కూడి వచ్చు శబ్దమది. ఆ శబ్దము చూచినవారు సంగతి నూహించుకొనగలరు. ఇట్టి తల్లులకు తోడుపడుటకై ఆయిషా చెన్నా 1985లో కాసాబ్లాంకాలో ఒక సంఘమును స్థాపించెను. వంటకములు చేసి విక్రయించుట ఆ సంఘమున ఈ స్త్రీలకు జీవనోపాధులలో నొకటి. ఆమె 2022లో కీర్తిశేషురాలైనది. రొట్టెలంగడిలో గర్భిణికి నీడ దొరకుట దర్శకురాలి తేలిక కల్పన యనుకొనువారు ఈ సంగతిని గుర్తింపవలెను.

చిత్రమున ఈ చట్టముల ప్రసంగము రాదు. సామియా నోట ఒక్క భయమే వినవచ్చును. తనయొద్ద పెరిగినచో ఈ బిడ్డను లోకము పాపఫలమని పిలుచును. పరులయింట పెరిగినచో ఆ పిలుపు తప్పవచ్చును. కాబట్టి ఆమె విడుచుటకు పూనుకొన్నది బిడ్డ మేలును తలచియే. మమకారము లేనందువలన విడుచుచున్నదని చెప్పుటకు వీలులేదు.

వత్సలలక్షణము

మమ్మటుడు పుత్రాదివిషయకమైన రతిని భావముగానే పరిగణించెను గాని రసపదవి నొసగలేదు. పదునాలుగవ శతాబ్దివాడైన విశ్వనాథుడు సాహిత్యదర్పణమున వత్సలమును స్ఫుటముగా రసమని యంగీకరించెను. వత్సలతాస్నేహము స్థాయి. పుత్రాదులు ఆలంబనము. శిశువు చేష్టలు మున్నగునవి ఉద్దీపనములు. ఆలింగనము, అంగస్పర్శ, శిరశ్చుంబనము, చూచుట, పులకాంకురము, ఆనందబాష్పము మున్నగునవి అనుభావములు. అధిదేవతలు లోకమాతలు.

ఈ లక్షణమునకు విశ్వనాథుడు చూపిన యుదాహరణము రఘువంశములోనిది. దాది పలికిన మాటను తిరిగి పలుకుచు, ఆమె వ్రేలు పట్టుకొని నడచుచు, నమస్కారము నేర్చుచు తండ్రికి ఆనందము కూర్చు రఘువు అందలి శిశువు. దేవతలు లోకమాతలు, ఉదాహరణమునందలి ఆశ్రయము మాత్రము తండ్రి. అదియును ఎట్టి తండ్రి? సంతానము లేక చిరకాలము పరితపించి, నందినిని సేవించి, పుత్రుని బడసిన దిలీపుడు. అనగా కోరి కన్న శిశువు, రాజ్యము నేలవలసిన శిశువు, తండ్రిపేరు నిస్సందేహముగా గల శిశువు. ఇట్టి యెడ స్థాయి ముందే సిద్ధమై యుండును. చూపును స్పర్శయు దానినుండి వెలువడు కార్యములు. లక్షణమునందు దోషము లేదు. అది నిలిచిన లక్ష్యమునకు సరిపడినదే.

తెలుగు కవిత్వమున వాత్సల్యమునకు శిఖరముగా అందరును చెప్పుకొను యశోద కన్నతల్లి కాదనుట కూడ ఇచట స్మరింపదగును. కనుట వేరు, వాత్సల్యము వేరు అను నెరుక మన కవులకు లేకపోలేదు. కాని కన్నది తానై యుండియు వాత్సల్యమునకు వెరచి తొలగు స్త్రీ లక్షణకర్తల దృష్టికి రాలేదు. సామియా అట్టి స్త్రీ.

అనుభావమే కారణమైనచో

ప్రసవానంతరము సామియా చేయుచున్న దేమి? బిడ్డవైపు తిరుగదు. చేతికి తీసికొనదు. పాలియ్యదు. విశ్వనాథుడు వత్సలమునకు చెప్పిన అనుభావములను ఒక్కొక్కటిగా ఆమె నిషేధించుకొనుచున్నది. ఇది స్థాయి లేనిదాని నడవడి కాదు. స్థాయి లేనిచోట చూపునకు భయమెందుకు? ఒకసారి చూచినచో, ఒకసారి తాకినచో, తన సంకల్పము నిలువదని ఆమె యెరుగును. లక్షణమున కార్యముగా చెప్పబడిన చూపు ఈమెకు కారణముగా భయమును గొలుపుచున్నది. అనుభావము స్థాయిని సూచించుటకు మారుగా స్థాయిని పుట్టించునేమోయను శంక ఆమెను పట్టి పీడించుచున్నది.

ఈ విపర్యయమే చిత్రమునకు శిల్పబీజమని మా యభిప్రాయము. దీనిని గుర్తించినచో, చాలనిడివిగా సాగిన కొన్ని దృశ్యములకు అర్థము తెలియును. బిడ్డ యేడుపు వినబడుచుండగా కెమేరా శిశువును చూపక తల్లి వెన్నును, మెడను, బిగిసిన మోమును చూపుచుండును. ఛాయాగ్రాహకులు వర్జినీ సుర్దేజ్, ఆదిల్ అయూబులు ఇంటిలోనికి వచ్చు కొద్దిపాటి వెలుతురులో ముఖములనే ఎక్కువగా దగ్గరనుండి చూపిరి. ప్రేక్షకునకు సైతము శిశుదర్శనము ఆలస్యమగును. ఆమెతోపాటు మనమును చూపును బిగబట్టుకొనవలసివచ్చును. పిమ్మట ఆమె బిడ్డ చేతివ్రేళ్ళను, పాదములను ఒక్కటొక్కటిగా పరిశీలించు దృశ్యము వచ్చునప్పటికి, ఆ చూపునకు ఎంత మూల్యము చెల్లింపబడినదో మనకు ముందే తెలిసియుండును. ఇట్టి సిద్ధత లేనిచో అది కేవలము ముద్దుగొలుపు చిత్తరువుగా మిగిలియుండెడిది.

అబ్లాకు దక్కని కడపటి చూపు

సామియాను చూడుమని, పాలిమ్మని ప్రోత్సహించునది అబ్లా. తొలుత రెండు రాత్రులకు మించి నీడనీయనన్న యీ స్త్రీకి ఈ పట్టుదల యెందుకు కలిగినది? దీనికి బదులు చిత్రమధ్యమున గలదు. అబ్లా భర్త ప్రమాదమున మరణించెను. దేహమును ఖననమునకు గొనిపోయిరి. ఆ దేశపు ఆచారమున శవమును సాగనంపి పూడ్చు పని మగవారిది. అబ్లాకు భర్తను తనివిదీర చూచుటకును, తాకుటకును, అతని వాసన ఆఘ్రాణించుటకును తీరిక దొరకలేదు. మరణముకూడ ఆడువారి సొత్తు కాదను భావము వారి సంభాషణమున వెలువడును. ఆనాటినుండి ఆమె మోము గడియ వేసిన తలుపయినది.

ఈ రెండు వృత్తాంతములను ప్రక్కప్రక్కన నిలిపి చూడవలెను. అబ్లాకు కడపటి చూపును, స్పర్శను ఆచారము నిరాకరించినది. సామియా తొలిచూపును, స్పర్శను తనకు తానే నిరాకరించుకొనుచున్నది. చూడక విడిచినదానిని ఎన్నటికిని విడువలేమని అబ్లాకు అనుభవమున తెలిసినది. ఇట్లు గ్రహించినచో ఆమె ప్రోత్సాహమునకు తాత్పర్యము ‘బిడ్డ నుంచుకొనుము’ అని మాత్రము కాదు. ‘ఉంచుకొన్నను, ఇచ్చినను, చూడక మాత్రము పంపకుము’ అనునది. మూలఘటనయందలి దంపతులకు బదులు విధవను నిలుపుటవలన కలిగిన ఫలమిదియే. భర్తతో సుఖముగానున్న గృహిణి ఎంతటి దయామయి యైనను ఈ మాట ఈ బలముతో చెప్పజాలదు.

ఈ సాదృశ్యమును దర్శకురాలు ముందుగానే ఒక దృశ్యమున నాటినది. వర్దా యను పేరునకు అరబ్బీలో గులాబియని యర్థము. ఈ పేరు అల్జీరియా గాయని వర్దా పేరిట పెట్టబడినది. భర్త మరణానంతరము అబ్లా ఆమె పాట విననొల్లదు. సామియా ఒకనాడు ఆ పాట వినిపించును. అబ్లా ఆపబోగా సామియా అడ్డుపడును. ఇద్దరి నడుమ పెనుగులాట జరుగును. పాట సాగుచుండగా అబ్లా బిగువు క్రమముగా సడలి, దేహము లయకు కదలును. ఇది సౌమ్యమైన యోదార్పు కాదు. అందు బలాత్కారమును గలదు. తరువాత అబ్లా సామియాయెడ చూపు పట్టుదల ఈ బలాత్కారమునకు ప్రతిరూపము. ఒకతె రెండవదానిచే వినజేసినది, రెండవది మొదటిదానిచే చూడజేసినది. ఇచ్చినది పుచ్చుకొన్నదానికి సమమైనది గనుక వీరిబంధమున దాతయు యాచకురాలును లేరు.

ముద్ద పిసుకు చేతులు

ఈ బంధము కరుణవలన కలిగినదనువారు చిత్రమున పనికి గల స్థానమును గమనింపలేదనవలెను. వీరిద్దరును మాటలాడుకొనుటకంటె పిండి పిసుకుటయే ఎక్కువ. ఒకచోట సామియా అబ్లాకు ముద్దను తొందరపడక చేతితో నెరిగి పిసుకుట చూపును. ముద్దయెడ చేతులు మెత్తబడుటయే తరువాత జీవునియెడ మెత్తబడుటకు అభ్యాసమైనది. స్పర్శను గూర్చిన యీ చిత్రమున వంట కేవలము అలంకారము కాదు, స్పర్శకు తొలిపాఠము.

ర్జీజాను గూర్చి మరియొక మాట. చుట్టలుగా నుండు దాని ఆకారమునుబట్టి మొరాకోలో దీనిని ‘ఖాజీగారి తలపాగా’ యనియు పిలుతురు. చిత్రము ఈ పేరును నొక్కి చెప్పదు. అయినను, ఖాజీ తీర్పునకు వెరచి వీథులలో తిరుగు స్త్రీ, ఆ తలపాగాను తన వ్రేళ్ళతో చుట్టి, వేడి పెనముపై కాల్చి, ఊరివారికి అమ్ముచున్నదన్న సంగతి తెలిసిన ప్రేక్షకునకు చిరునవ్వు కలుగకమానదు. ఆ రొట్టెలు తినువారే ఆమె గర్భమును ప్రశ్నించువారు కూడ.

నామకరణము

అవివాహితమాత యనగానే మనకు కుంతి స్మరణకు వచ్చుట సహజము. ఈ రెండు కథలను పోల్చుటలో లాభము గలదు. కుంతి బిడ్డను చూచినది. సహజకవచకుండలములతో పుట్టిన వానిని చూచిన పిదపనే నదియందు విడిచినది. ఆ చూపు ఆమెను విడువలేదు. కుమారాస్త్రవిద్యాప్రదర్శన సందర్భమున కవచకుండలములనుబట్టి వాని నానవాలు పట్టి మూర్ఛిల్లుటకు ఆ తొలిచూపే కారణము. సామియా ఏ చూపునకు వెరచుచున్నదో భారతకవులకు తెలియును.

కాని కుంతి చేయనిదొకటి గలదు. ఆమె బిడ్డకు పేరు పెట్టలేదు. వసుషేణుడను పేరు రాధాధిరథుల యింట కలిగినది. శకుంతల విషయమును ఇట్టిదియే. మేనక మాలినీతీరమున విడిచిపోయిన శిశువునకు, శకుంతములు రక్షించిన కతన, కణ్వుడు పేరిడెను. విడిచిన తల్లి పేరు పెట్టదు, పెంచినవారు పెట్టుదురు అనునది ఈ కథలయందలి రీతి. విడువదలచిన తల్లి పేరు పెట్టుట ఈ రీతికి భిన్నమైనది. అబ్లాయింట నున్న దినములలో సామియా తన బిడ్డకు ఆదమ్ అను పేరిడును.

ఆ పేరునకు గల ధ్వని విచారింపదగినది. క్రైస్తవగ్రంథముల తెలుగు అనువాదములలోని ఆదామును, మహమ్మదీయుల ఆదమును ఒక్కడే. ఆదిమానవుడు. తండ్రి లేనివాడు, తల్లియు లేనివాడు. అరబ్బీలో మనుష్యజాతినంతటిని ‘బనూ ఆదమ్’, అనగా ఆదము సంతతి, యందురు. మన హైదరాబాదు వీథులలో నిత్యము వినబడు ‘ఆద్మీ’ యను మాట ఆ పేరునుండియే పుట్టినది. తండ్రిపేరు లేని బిడ్డకు, తండ్రి లేకయే మానవులందరికిని తండ్రియైనవాని పేరు పెట్టుటచే సామియా లోకమునకు బదులు చెప్పినది. వీడు పాపఫలము కాడు, మనిషి. తండ్రిపేరునకు కల్పితశబ్దము వెదకు లెక్కపుస్తకముకంటె ఇది గంభీరమైన నమోదు.

తుదిదృశ్యము

వేకువను సామియా వెడలిపోయిన పిమ్మట ఏమైనదను ప్రశ్నకు ప్రేక్షకులు రెండు విధములుగా బదులు చెప్పుదురు. పేరు పెట్టి పాలిచ్చినది గనుక బిడ్డ నుంచుకొనునని కొందరు. సంకల్పము మారలేదు గనుక అప్పగించుటకే పోయినదని కొందరు. మొదటివారికి మాతృత్వవిజయము కావలెను. రెండవవారికి సమాజనిష్ఠురత్వము కావలెను. చిత్రము ఈ రెంటికిని ప్రమాణము చూపదు.

దీనిని దర్శకురాలి తప్పించుకొనుటగా నెంచువారితో మేము ఏకీభవింపజాలము. చిత్రము లేవనెత్తిన ప్రశ్న బిడ్డ ఎవరియొద్ద పెరుగుననునది అయినచో తుది అసంపూర్ణమే. కాని మేము చూపినట్లు చిత్రమున అంతస్సూత్రముగా నడచునది చూపు, స్పర్శ, వీడ్కోలు. ఆ ప్రశ్నకు బదులు పూర్తిగా వచ్చినది. సామియా బిడ్డను చూచినది, తాకినది, పేరిడినది. ఇక ఆమె ఏ దారి నడచినను, అబ్లా భర్తను పోగొట్టుకొన్నట్లు బిడ్డను పోగొట్టుకొనదు. ఉంచుకొన్నచో అది ఓటమివలన కాదు, ఇచ్చినచో అది మరపువలన కాదు. వాత్సల్యము బిడ్డ నుంచుకొనుటతో సమానార్థకమనుకొను మన యలవాటును ఈ తుది నిశ్శబ్దముగా సవరించుచున్నది. వీడ్కోలు చెప్పకయే పోవుటవలన అబ్లాకు మరల ఒక కడపటి చూపు దక్కలేదనుట ఇందలి కఠినమైన విశేషము. ఇచ్చినదానికి తగిన ప్రతిఫలము లెక్కకు సరిపోవునని దర్శకురాలు మభ్యపెట్టలేదు.

గుణదోషవిచారము

ఇంత చెప్పినంతమాత్రమున చిత్రము నిర్దుష్టమని మా తాత్పర్యము కాదు. దుకాణమునకు సరకులు తెచ్చియిచ్చు స్లిమానీ అబ్లాయెడ అనురాగము గలవాడు. సజ్జనుడు. కాని అతని పాత్ర అబ్లా మరల జీవితాభిముఖురాలైనదని తెలుపు గురుతుగా మాత్రమే ఉపయోగపడినది. అబ్లా అద్దము ముందు కాటుక దిద్దుకొనుట వంటి సూచనలు పలుచోట్ల చూచినవే. పాట వినుటచే కరగిన హృదయమునకు ఇట్టి బాహ్యచిహ్నములు అవసరము లేదు.

సామియా బిడ్డ తండ్రిని గూర్చి చిత్రము ఏమియు చెప్పకపోవుట దోషమని కొందరనవచ్చును. మాకది గుణముగా తోచుచున్నది. అతని కథ వచ్చినచో సామియా వంచితయా, అపరాధినియా యను విచారణ మొదలగును. ఆ విచారణకు తావీయకుండుటవలన ఆమె ముద్దాయిగా గాక మనిషిగా మన ముందు నిలిచినది. ఇందుకు ప్రతిగా, ఇంటివెలుపలి లోకము మరీ పలుచబడినదనుట ఒప్పుకొనవలెను. చట్టపు భయము, ఆసుపత్రి, పురపాలకుల కార్యాలయము ఇవి లేకపోవుటచే, దేశాచారము నెరుగని ప్రేక్షకుడు సామియా భయమును లోకోపవాదభీతి మాత్రమే యని తలచు ప్రమాదము గలదు. ఒక్క దృశ్యముననైన కారాగారపు నీడ తగిలియున్నచో ఆమె సంకల్పమునకు మరింత గౌరవము చేకూరియుండెడిది.

నటన విషయమున వివరము లక్కరలేదు. లుబ్నా అజాబల్ మోమున బిగువు సడలు క్రమము, నిస్రీన్ ఎర్రాది మోమున బిగువు పెరుగు క్రమము ఒండొంటికి ఎదురుగా నడచినవి. ఒకతె తెరచుకొనుచుండ వేరొకతె మూసికొనుచుండును. ఈ వ్యుత్క్రమమే చిత్రమునకు గతినిచ్చినది. బాలిక వర్దా ఇద్దరి నడుమ తలుపువంటిది. సామియాను ఆ యింట మొదట ఆహ్వానించినది ఆమె మనస్సే.

ఉపసంహారము

వత్సలమును రసముగా నంగీకరించిన విశ్వనాథుని లక్షణమును ఈ చిత్రము ఖండింపదు, విస్తరింపజేయును. కోరి కన్న బిడ్డయెడ అనుభావములు స్థాయికి కార్యములు. కోరక కన్న బిడ్డయెడ అనుభావములే స్థాయికి ద్వారములు కావచ్చును. ఆ ద్వారము తెరచుకొనుటకు తల్లి కొక్కతెకే బలము చాలదు. ప్రక్కన నిలిచి ‘చూడుము’ అను వేరొక మనిషి కావలెను. ఆ మనిషికి రక్తసంబంధ ముండనక్కరలేదు. చూడలేకపోయిన దుఃఖ మెరిగియుండిన చాలును. మాతృత్వము ఒక స్త్రీ గర్భమున సిద్ధమై యుండు వస్తువని కాక, ఇరువురు స్త్రీల నడుమ జరుగు పనియని ఈ చిత్రము నిరూపించినదని మా నమ్మకము.

మన సాహిత్యమున విడువబడిన శిశువుల కథలు కొల్లలుగా గలవు. వానిని పరిశీలించిన విమర్శకులు శిశువు గతిని, పెంచినవారి ఔదార్యమును విచారించినంతగా విడిచిన తల్లి చూపును విచారింపలేదు. కుంతి, మేనకల తొలిచూపు ఎట్టిది, వారి ప్రక్కన ఎవరుండిరి, పేరిడు నధికారము వారికేల కలుగలేదు అను ప్రశ్నలతో ఆ ఘట్టములను మరల చదువుటకు పరిశోధకవిద్యార్థులు పూనుకొందురుగాక.